అత్త చేతుల ఫోటో

నిన్న మధ్యాహ్నం విశాఖపట్నంలో ఆఫీసు క్యాంటీన్లో కూర్చుని, ముందున్న అన్నం చల్లారిపోతున్నా ఫోన్ వదలకుండా, ఏదో బుద్ధి పుట్టి నర్సీపట్నం జీడిపప్పు అని వెతికితే మొట్టమొదట మా మేనత్త చేతులు కనబడ్డాయి. నల్లబడ్డ వేళ్లు, వాటి మధ్య తెల్లటి పప్పు. నేను తీసిన ఫోటోయే. కింద మాత్రం ఎవరో పెద్ద వ్యాపారి కంపెనీ పేరు. ఒళ్లు మండిపోయింది.

నా ఈడు వాళ్లు పాత రోజులు అంటే ఇంట్లోవాళ్లు నవ్వుతారు గానీ, డిగ్రీ అయ్యాక ఉద్యోగం లేక మేనత్త ఇంట్లో గడిపిన ఆ వేసవి నాకిప్పుడు ఏదో వేరే కాలంలా అనిపిస్తుంది. మావయ్యది నర్సీపట్నంలో జీడిపప్పు కొట్టు. వెనక పెరట్లో అత్త, రావికమతం తోటల నుంచి వచ్చిన పిక్కల్ని పెనంలో కాల్చి, వేళ్లకి బూడిద పూసుకుని, కర్రతో కొట్టి పప్పు తీసేది. పిక్కలోని జీడి అంటీ అంటీ ఆ వేళ్ల నలుపు ఏ సబ్బుకీ వదిలేది కాదు. పప్పు బాగుందన్న మెప్పు మాత్రం ముందు గదిలో గల్లాపెట్టె దగ్గర కూర్చున్న మావయ్యకి అందేది.

కొట్టుకి వెబ్‌సైట్ చేస్తానని నేనే అన్నాను. మావయ్య తెల్లచొక్కా వేసుకుని తీయించుకున్న ఫోటోలు ఇచ్చాడు. సిగ్నల్ అంతంతమాత్రంగా ఉండే కొయ్యూరులో ఉన్న బంధువు వెబ్‌సైట్ తెరిస్తే అవి ఎంతకీ రాలేదట.

"ఏటి కోడలా, బొమ్మ తెరుసుకునేలోగా ఆడు టీ తాగేసి వచ్చేసినాడంట!"

"నీ మీసం ఒక్కటే సగం డేటా తినేస్తోంది మావయ్యా."

ఫోటోల సైజు తగ్గించాను, ఫోన్ పెట్టిన అంకెల పేర్లు తీసేసి అందులో ఏముందో తెలిసే పేర్లు పెట్టాను. అత్త పప్పు తీస్తుండగా కొత్త ఫోటో తీశాను. పొగలో నవ్వుతున్న మొహం, చేతిలో పప్పు. మావయ్య చూసి అగ్గి మీద గుగ్గిలమయ్యాడు.

"మనింటి ఆడదాని మొకం ఊరోళ్ల ఫోన్లలో ఎందుకు? బేగి తీసేయ్."

ఎంత అరిచినా నా మాట నెగ్గలేదు. మొహం కత్తిరించేస్తే చేతులు మిగిలాయి. అప్పుడు అత్త, పిక్కల మీంచి తల ఎత్తకుండానే అడిగింది.

"పోన్లే, కింద నా పేరైనా రాస్తావేటే?"

"తినేవోళ్లకి నీ పేరుతో పనేటి? కొట్టు పేరు సాల్దా?" అన్నాడు మావయ్య.

ఆ ఇంట్లో అత్తని పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. మావయ్యకి ఒసే, పిల్లలకి అమ్మ, నాకు అత్త, కొట్టుకొచ్చేవాళ్లకి షావుకారు గారి ఆవిడ.

వెబ్‌సైట్‌లో పెట్టే ప్రతి ఫోటో వెనకా తెరమీద కనబడని ఒక వాక్యం రాస్తాం. ఆ ఫోటోలో ఏముందో వెతికే యంత్రానికి చెప్పడానికి, చూపులేనివాళ్లకి ఫోన్ చదివి వినిపించడానికి. అక్కడ మావయ్య కళ్లు పడవు. అక్కడ రాశాను, ఇంటిపేరుతో సహా అత్త పేరు, ఆవిడ కాల్చి తీసిన నర్సీపట్నం జీడిపప్పు అని. కొన్నాళ్లకి మావయ్య దండగన్నాడు, వెబ్‌సైట్ మూతపడింది.

నిన్న సాయంత్రం ఫోన్ చేసి దొంగతనం సంగతి చెబితే ఆయన పొంగిపోయాడు.

"అంత పెద్ద కంపినీకి మన బొమ్మ నచ్చిందా! ఆళ్ల పేకెట్లే ఇప్పుడు మన కొట్లో అమ్మేది. మిషన్ పప్పు. మీ అత్తకీ సుకవే కదా."

ఫోన్ అత్తకి ఇమ్మన్నాను. అప్పటికే ఆ పేజీ వెనక ఏముందో తెరిచి చూశాను. కాపీ కొట్టినవాడు నా వాక్యం కూడా అక్షరం మారకుండా ఎత్తుకుపోయాడు. లాప్‌టాప్‌లో చదివి వినిపించే సదుపాయం పెట్టి, ఫోన్ దగ్గరగా పట్టుకున్నాను. ముక్కుతో మాట్లాడినట్టుండే ఆ గొంతు అత్త పేరు పూర్తిగా పలికింది.



"ఎవులే అది, నన్ను పేరెట్టి పిలిసింది?"

"మిషన్ అత్తా."

"ఇంకోపాలి పిలవమనే."

ఆ ఫోటో తీయించేయాలని నేను టైప్ చేసిన ఫిర్యాదు ఇంకా ఫోన్లోనే ఉంది. పంపితే వాళ్లు ఫోటో తీసేస్తారు, దాని వెనకున్న వాక్యం కూడా పోతుంది. పెరట్లో పొయ్యి లేదు, అత్త వేళ్లు తెల్లబడుతున్నాయట. ఆవిడ పేరు ఈ లోకంలో ఆవిడ పని పక్కన రాసి ఉన్నది ఒక్క చోటే, అదీ దొంగ దగ్గర, మనుషులకి కనబడని చోట. పొద్దున్నించీ పంపే బటన్ మీద వేలు పెట్టి తీసేస్తున్నాను.