ఆమెన్‌లో ‘ఆమె’

నా చిన్నప్పుడు నాకు చెవులు బాగానే పనిచేసేవి, విన్నదానికి సొంత అర్థం తగిలించుకోవడమే నా జబ్బు. చోడవరంలో మా ఇంట్లో రోజూ సాయంత్రం ప్రార్థన జరిగేది. చుట్టుపక్కల విశ్వాసులు పదిమంది దాకా వచ్చి చాపల మీద కూర్చునేవారు. ఎవరు ప్రార్థన చేసినా చివర అందరూ ఆమెన్ అనేవారు. నాకు మాత్రం అది ‘ఆమెను’ అని వినబడేది. ‘ఆవిణ్ణి’ అనడానికి బైబిలు భాషలో అలాగే కదా అంటారు, ఎవరో ఒకావిడను కాపాడమని దేవుణ్ణి అడుగుతున్నారు కాబోలు అనుకునేదాన్ని. ఎవరామె అని అడిగితే నా తెలివి బయటపడుతుందని అడగలేదు.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు మా అమ్మకి కడుపులో గడ్డ ఉందని ఆపరేషన్ కోసం విశాఖపట్నం తీసుకెళ్ళారు. నాన్న వెంట వెళ్ళాడు, నేను ఇంట్లోనే తాతయ్య దగ్గర ఉండిపోయాను. పెద్దవాళ్ళు నన్ను చూడగానే మాటలు మింగేసేవారు. దాన్ని బట్టే అమ్మ బతకడం అనుమానమని నాకు అర్థమైంది. కానీ సాయంత్రమయ్యేసరికి ధైర్యం వచ్చేసేది, ఎందుకంటే ఆ ‘ఆమె’ మా అమ్మేనని తేల్చేసుకున్నాను. ఒకాయన రోలుగుంట ఊళ్ళో ఎండిపోతున్న తన చెరకుకి వాన అడిగి, చివర ‘ఆమెను’ అనేవాడు. ఇంకొకావిడ కొడుకు పరీక్ష సంగతి అడిగి ‘ఆమెను’ అనేది. ఎవరి గొడవ వాళ్ళకున్నా మా అమ్మని మరిచిపోవడం లేదని గర్వంగా ఉండేది.

ఓ రోజు పక్కింటి అక్కకి ఆ సంగతి గొప్పగా చెప్పాను. పదో తరగతి చదివే ఆ అక్క పడీ పడీ నవ్వింది. “ఒసే, అది ఆమెను కాదే, ఆమెన్. వానకైనా, పరీక్షకైనా అదే అంటారు,” అంది. అయితే ఇన్నాళ్ళూ మా అమ్మ కోసం ఎవరూ అడగలేదన్నమాట. ఆ సాయంత్రం అందరి మీదా కోపంతో, దేవుడి మీద కూడా, నోరు బిగించుకు కూర్చున్నాను.

తాతయ్య అది గమనించాడు. మర్నాడు పొద్దున్న గేదెకి చెరకు ఆకు తేవడానికి నన్ను కూడా పొలానికి తీసుకెళ్ళి, మూతి ఎందుకు ముడిచానో అంతా చెప్పించుకున్నాడు. నవ్వలేదు. ఓ మోపు కట్టి, తలకెత్తుకోమన్నాడు. మోకాళ్ళ దాకా లేపేదాన్ని, అక్కణ్ణించి జారిపోయేది. మూడోసారికి ఏడుపొచ్చింది. అప్పుడు తాతయ్య ఓ చెయ్యి వేశాడు. మోపు తల మీదకి వచ్చి కూర్చుంది.

“మోసేది నువ్వే. ఎత్తడానికి ఇంకో సెయ్యి కావాలి. ఆమెన్ అంటే అదేనే గుంటా. ఔను, అలాగే జరగాలి, నేనూ అడుగుతన్నాను అని పక్కోడి ప్రార్థనకి సెయ్యెయ్యడం,” అన్నాడు. “నువ్వు ఏడుస్తావని మీ అమ్మ గురించి నీ ముందు అడగలేదు గానీ, నువ్వు బడికెళ్ళాక రోజూ అడుగుతన్నాం. ఈయాల నువ్వే అడుగు.”

రోజంతా మనసులో అప్పజెప్పుకుని, సాయంత్రం లేచి నిలబడ్డాను. “ప్రభువా, మా అమ్మ” అన్నాను. అంతే, గొంతు పూడుకుపోయింది. నేనింకా ఏమీ అడగనేలేదు. అయినా తాతయ్య ఆమెన్ అన్నాడు. వెంటనే చాపల మీదున్న వాళ్ళందరూ అన్నారు. అందరికంటే గట్టిగా అన్నది పక్కింటి అక్క. అన్ని రోజుల్లోనూ మొదటిసారి నాకు భయం పోయింది.

అమ్మ రెండు వారాలకి ఇంటికొచ్చింది, సగం మనిషై. ఆ తర్వాత ముప్ఫయ్యేళ్ళు బతికింది. అడిగినవన్నీ జరుగుతాయని నేనెవరికీ చెప్పను, మా ఆయన కోసం అడిగింది జరగలేదు. కానీ ఆ బరువు నేనొక్కదాన్నే ఎత్తుకోలేదు, అది మాత్రం ఎవరి ముందైనా చెబుతాను.

ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. ఆసుపత్రి మంచం పక్కన ఎవరైనా ప్రార్థన మొదలుపెట్టి మధ్యలో ఆగిపోతే, మిగతా మాట కోసం కాచుకు కూర్చోను, ఆమెన్ అనేస్తాను. ప్రార్థన పూర్తవకుండానే ఆమెన్ ఏమిటి మామ్మా అని మా కుర్ర పాస్టరుగారు ఓసారి నవ్వారు. ఆయనకింకా అలా గొంతు పూడుకుపోయే రోజు రాలేదు. వచ్చిన రోజున పక్కన నేనుంటే, ముందు అనేది నేనే.