డొంబురు ఆనపబుర్ర

పాంగి డొంబురు అరకు సంతకు దిగినా, కాఫీ తోటలో కూలికి వెళ్లినా భుజాన రాగిపిండితో కాచిన చోడంబలి నింపిన ఎండు ఆనపబుర్ర వేలాడాల్సిందే. మలుపు మలుపుకీ ఆగి, బిరడా తీసి, రెండు గుటకలు వేసి, ముంజేత్తో మూతి తుడుచుకుంటాడు. కొండెక్కే మనిషికి అది తిండి కిందికి రాదు, ఊపిరి కిందికి వస్తుంది. దొడ్డికి వెళ్తే నెత్తురు పడుతోందని విశాఖ ఆసుపత్రికి వెళితే, కింది నుంచి గొట్టం పంపి పేగు లోపల చూడాలన్నాడు డాక్టరు. ముందురోజంతా తిండి ముట్టకూడదనీ, విరేచనాల మందు తాగి పేగును కడిగిన గిన్నెలా ఉంచుకోవాలనీ నర్సు సత్యకుమారి చెప్పింది. డొంబురు తలూపాడు. మెతుకు ముట్టలేదు. పరీక్షకు వస్తుంటే రైల్లో పక్కావిడ ఇచ్చిన అరటిపండు కూడా వద్దన్నాడు.

మర్నాడు గొట్టం లోపలికి వెళ్లినంత బేగీ బయటికి వచ్చేసింది. లోపల బురద తప్ప ఏమీ కనబడలేదు.

"ఏం తిన్నావయ్యా?" అన్నాడు డాక్టరు.

"ఏటీ తిన్లేదు బాబూ. అంబలి తాగినాను, అంతే."

ఈసారి మంచినీళ్లు తప్ప ఏదీ గొంతు దిగకూడదని గట్టిగా చెప్పి, వారం ఆగి రమ్మంది నర్సు. వారానికి వచ్చాడు, కళ్లు లోపలికి పోయి, భుజాన అదే బుర్రతో. నర్సు దాన్ని లాక్కుని చెవి దగ్గర ఊపి చూసింది. చప్పుడు లేదు.

"ఖాళీదాన్ని ఎందుకు మోసుకొచ్చావు?"

డొంబురు తువ్వాలు కొసన ముడేసిన చోడిపిండి చూపించాడు.

"తిరిగి కొండెక్కాల గదమ్మా," అని బల్ల మీద పక్కకు తిరిగి పడుకున్నాడు.