సొంత చేలో కూలికి పోయిన పోలేరమ్మ

మా ఊరు నల్లమిట్టలో దామోదరం గారి తోటలో పోలేరమ్మ ముప్ఫై ఏళ్లు కూలి చేసింది. కాపురానికి వచ్చిన మూడోరోజే మామ కుప్పయ్య వెంట వెళ్లి అక్కడ వేరుశనక్కాయ పెరికింది. పదిహేనేళ్ల కిందట వేరుశనగ మానేసి మామిడి పెట్టినప్పుడు గుంతలు తవ్విందీ ఆమే. ఏ చెట్టుకు చెద పట్టిందో, ఏ కొమ్మ ముందు కాపుకొస్తుందో ఆమెకు తెలిసినంతగా దామోదరం గారికి తెలియదు. తెలుసుకోవలసిన అవసరం ఆయనకు రాలేదు. ఆయన రైతుసంఘం అధ్యక్షులు. పంచె నలగకుండా ముప్ఫై ఏళ్లుగా రైతుల తరఫున పోరాడుతున్నారు. ఎక్కడ మైకు దొరికినా "దున్నేవాడిదే భూమి" అని మొదలుపెట్టి, కళ్లు తుడుచుకుని ముగిస్తారు.

మొన్నామధ్య ఊళ్లో భూములన్నీ మళ్లీ కొలిచారు. డ్రోన్ ఒకటి వచ్చి రెండు రోజులు తిరిగి, కోళ్లను బెదరగొట్టి వెళ్లింది. తరవాత సర్వేయరు వెంకటరమణ పంచాయతీ ఆఫీసు ముందర అందరినీ కూర్చోబెట్టి జాబితా చదివాడు.

"సర్వే నంబరు రెండొందల పద్నాలుగులో మూడు. ఎకరా ఎనభై సెంట్లు. కుప్పయ్య."

జనం నవ్వారు. కుప్పయ్య చనిపోయి ఇరవై ఏళ్లయింది.

"ఆ నంబరు యాడుండాదప్పా?" అన్నారెవరో.

వెంకటరమణ పటం మీద వేలు పెట్టి చూపించాడు. వేలు దామోదరం గారి మామిడితోట నడిమధ్య ఆగింది. నవ్వులూ అక్కడే ఆగాయి. దామోదరం గారు చెప్పుల కోసం వెతుక్కున్నారు. అవి ఆయన కాళ్లకే ఉన్నాయి.

జరిగింది చాలా మామూలు సంగతి. యాభై ఏళ్ల కిందట సీలింగు చట్టం వచ్చినప్పుడు దామోదరం గారి నాయన దగ్గర మిగులుభూమి తీసుకుని, భూమి లేని కుప్పయ్యకు ప్రభుత్వం పట్టా ఇచ్చింది. పేదవాడి గుడిసెలో కాగితం చెదలు తింటుందని జాలిపడి, పెద్దాయన దాన్ని తన బీరువాలో భద్రపరిచారు. భూమిని కూడా అలాగే భద్రపరిచారు. చదువురాని కుప్పయ్యకు ఆ కాగితం రేషనుకు సంబంధించినదని చెప్పారు. ఆ విధంగా భూసంస్కరణ మా ఊళ్లో ఎవరికీ నొప్పి తెలియకుండా జరిగిపోయింది.

మరుసటిరోజు పోలేరమ్మ ఎప్పటిలాగే పనికి వెళ్లింది. కూలీలు వెళ్లేది పంపుషెడ్డు పక్కన కంచె సందులోంచి. గేటు కారుకు. ఆ పూట ఆమె గేటు ముందర కాసేపు నిలబడింది. తరవాత వెనక్కు తిరిగి సందులోంచే దూరింది. ముప్ఫై ఏళ్ల అలవాటు ఒక్క జాబితాతో పోలేదు.

ఆ సాయంత్రం దామోదరం గారు మొదటిసారి ఆమె ఇంటికి వచ్చారు. కూతురు నిస్సీ పక్కింటికి పరుగెత్తి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చింది. నిస్సీ శ్రీ సిటీలో సెల్‌ఫోన్ల కంపెనీలో పని చేస్తుంది. అప్పుడే బస్సు దిగి వచ్చింది.

"పోలీ, ఆ భూమిని మీ మామ మా నాయనకు నోటిమాటగా తిరిగి ఇచ్చేసినాడు. నువ్వొక సంతకం పెడితే సరిపోతాది," అన్నారాయన మృదువుగా.

"గవర్నమెంటు ఇచ్చిన పట్టా భూమిని ఇచ్చేదానికీ అమ్మేదానికీ కుదరదు సార్. చట్టం ఒప్పుకోదు," అంది నిస్సీ.

"సూడమ్మా, చట్టాల కోసం పోరాడినోణ్ణి నేను. నాకే చెప్తావా?"

పోలేరమ్మ నేల చూపులు చూస్తూ అడిగింది. "సామీ, ఒకతూరి మా మామ ఆ చేలో నాలుగు చెనిక్కాయలు నోట్లో ఏసుకుంటే మీ నాయన అందరి ముందరా నోరు తెరిపించినాడు. నేను సూస్తాండా. అయి మా మామ కాయలేనా?"

దామోదరం గారికి అర్జెంటుగా ఎక్కడికో వెళ్లాల్సి వచ్చింది.

తరవాత ఆమె భూమిని తన పేరున రాయమని తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరిగింది. కుప్పయ్య బతికున్నప్పుడు ఎవరూ పట్టించుకోలేదు గాని, ఇప్పుడు ఆయన చనిపోయినట్టు రుజువు కావాలన్నారు. అది తెస్తే, ఆయన పుట్టినట్టు రుజువు అడిగారు. కొడుకూ పోయాడు గనక, ఆమె కోడలని రుజువు కావాలన్నారు. అన్నీ తెచ్చాక, భూమి అనుభవంలో ఉన్నట్టు సాక్ష్యం ఏదన్నారు.

"అనుభవమంటే?" అని అడిగింది పోలేరమ్మ.

"ఆ చేలో ఎవురుంటారు, పని ఎవురు చేస్తారు అని," చెప్పాడు గుమాస్తా.

"నేనే నాయనా. పొద్దున ఏడింటినించి సాయంత్రం దాకా ఆడనే గదా ఉండేది!"

గుమాస్తా నవ్వాడు. లోపల తహసీల్దారు రూపశ్రీ మాత్రం నవ్వలేదు. ఆమె ఉద్యోగానికి కొత్త. ఆ సర్వే నంబరుతో ఉన్న పాత ఫైళ్లన్నీ తెప్పించి స్వయంగా తిరగేసింది. వాటిలో ఉపాధి హామీ ఫైలు ఒకటి దొరికింది.

పేదరైతులకు ప్రభుత్వం ఉచితంగా మామిడి మొక్కలిచ్చి, గుంతలు కూడా తవ్వించే పథకం అది. దామోదరం గారు పేదరైతు కాదు గనక, కుప్పయ్య పేరుతో దరఖాస్తు పెట్టించారు. అప్పటికి కుప్పయ్య చనిపోయి ఐదేళ్లు. అయినా ఫైలులో ఆయన వేలిముద్ర నిగనిగలాడుతోంది. ఫోటో కావాలంటే, లబ్ధిదారు కుటుంబమని పోలేరమ్మనే గుంత పక్కన నిలబెట్టి తీయించారు. ఆమె చేతిలో పలక. పలక మీద సర్వే నంబరు, కుప్పయ్య పేరు. కింద సాక్షిగా దామోదరం గారి చక్కటి సంతకం.

పోలేరమ్మ ఆ ఫోటోను చాలాసేపు చూసింది. "అప్పుడు పలక తిప్పి పట్టుకున్నానని సామి కోప్పడినాడు," అంది.

అదే సాక్ష్యమైంది. ఆర్నెల్లకు ఉత్తర్వు వచ్చింది. పట్టా చేతికిచ్చేయొచ్చు గాని, పెద్దలు దాన్ని సభ పెట్టి ఇవ్వాలన్నారు. ముఖ్య అతిథికి తీరిక లేక రెండుసార్లు వాయిదా పడింది. మూడోసారి షామియానా వేశారు. వేదిక మీద దామోదరం గారు కూడా ఉన్నారు. రైతుసంఘం అధ్యక్షులు లేకుండా సభ ఎలా జరుగుతుంది? "ఈ సోదరికి భూమి దక్కాలని యాభై ఏళ్లుగా మా కుటుంబం ఎదురుచూసింది," అని ఆయన కళ్లు తుడుచుకున్నారు. చప్పట్లు మోగాయి. పక్క ఊరి విలేకరి ఆయన ఔదార్యం గురించి రాసుకున్నాడు.

పోలేరమ్మను మాట్లాడమన్నారు. ఆమె మైకు వంక అనుమానంగా చూసి, "కాయ పండిపోతాండాది సామీ, నన్ను పంపించండి," అంది.

నిజంగానే జూన్ నడుస్తోంది. ఆ సాయంత్రమే తోటి కూలీలను పిలుచుకుని గేటు గుండా వెళ్లి కోత మొదలుపెట్టింది. మూడు రోజుల తరవాత బాడుగ ట్రాక్టరులో తోతాపురి కాయ వేసుకుని గుజ్జు ఫ్యాక్టరీకి బయలుదేరింది. ఫ్యాక్టరీ ముందర ట్రాక్టర్లు మైలు పొడవునా ఆగి ఉన్నాయి. రెండు రోజులు కదిలేలా లేవన్నారు. రైతయ్యాక ఆమెకు అందిన మొదటి హక్కు అదే, ఎండలో నిలబడి కాయ కుళ్లడం చూడడం.

రెండోరోజు మధ్యాహ్నం వెనకనుంచి దామోదరం గారు నడుచుకుంటూ వచ్చారు. పంచె నలిగింది. ఆయన కాయ వేసుకొచ్చిన ట్రాక్టరు డ్రైవరు పారిపోయాడట. ఆ చుట్టుపక్కల నీడంటే పోలేరమ్మ ట్రాక్టరు కింద ఉన్నదే.

"వరసలో నీది ఎన్నో నంబరు?" అని అడిగారు.

"నలభై మూడు."

"నాది అరవై ఒకటి." పంచె కొసతో చెమట తుడుచుకుని, "ముందర ఎవురైనా తెలిసినోళ్లుండారా?" అన్నారు.

"నాకెవురు తెలుసు సామీ," అంటూ పోలేరమ్మ గోనెసంచి మీద కొంచెం పక్కకు జరిగింది. ఆయన కూర్చున్నారు.