కండక్టరుగారి పదిహేడు గ్రీకు నాణేలు

కండక్టరుగారి కోడలు మామగారి బంగారు నాణేలన్నీ నగల మేస్త్రీ చేత కరిగించేసిందనీ, ఆ దిగులుతో ఆయనకు నోరు పడిపోయిందనీ వారం రోజులుగా వీధంతా కోడై కూస్తోంది. ఇందులో నిజం ఆవగింజంత. కోడలు నగల మేస్త్రీ దగ్గరకు వెళ్ళిన మాట వాస్తవం. చేతిలో బిస్కెట్ల డబ్బా ఉన్న మాటా వాస్తవం. మిగతాదంతా కుళాయి దగ్గర పుట్టి, పిండిమర దగ్గరకు చేరేసరికి తాటికాయంత అయింది.

బంగారం మాట దేవుడెరుగు, ఆ డబ్బాలో వెండి కూడా లేదు. ఉన్నవి పదిహేడు కంచు బిళ్ళలు, రెండు వేల ఏళ్ళ కిందటి గ్రీకు నాణేలు. చిటికెన వేలి గోరంతవి కొన్ని, చొక్కా బొత్తాలంతవి కొన్ని. ఒకదాని మీద పీత, ఒకదాని మీద తేనెటీగ, ఇంకోదాని మీద ధాన్యపు వెన్ను. బాగా అరిగిపోయిన చవకరకం కాబట్టే ఆయనకు అందాయి.

ఆయన ముప్పై ఒక్కేళ్ళు సిటీ బస్సులో కండక్టరు. చేరిన కొత్తలో ఒక సాయంత్రం సంచి గుమ్మరిస్తే, చిల్లరలో నల్లటి బిళ్ళ ఒకటి దొర్లింది. దాని మీద గుర్రమూ, రౌతూ. డిపో గుమాస్తా "ఇది చెల్లదు, పట్టుకుపో" అని విసిరేశాడు. ఆయన తన జేబులోంచి డబ్బు వేసి, దాన్ని ఇంటికి తెచ్చుకున్నాడు. సెలవు దొరికినప్పుడల్లా గ్రంథాలయంలో కూర్చుని బొమ్మల పుస్తకాలు తిరగేస్తే, అది గ్రీకులదని తేలడానికి ఆర్నెల్లు పట్టింది. అప్పుడు పట్టుకున్న పిచ్చి మరి వదల్లేదు. టీ మానేసి, చెప్పులకు అతుకు మీద అతుకు వేయించుకుని, ఏడాదికో రెండేళ్ళకో ఒకటి టపాలో తెప్పించుకునేవాడు. ప్రతిదానికీ ఒక కాగితం కవరు, దాని మీద చీమల బారులాంటి అక్షరాలతో పుట్టుపూర్వోత్తరాలు.

"రోజంతా చెల్లే డబ్బులు లెక్కపెట్టి, ఇంటికొచ్చి చెల్లనివి ముందేసుకు కూర్చునే మొగుడు నాకొక్కదానికే దొరికాడు" అనేది భార్య. ఆయన నవ్వేసేవాడు. ఇంట్లో ఎవరూ ఆ డబ్బా వంక కన్నెత్తి చూసేవారు కాదు.

కోడలు చూసింది. రెండేళ్ళుగా ఆయన కళ్ళకు పొర కమ్ముకొస్తోంది. కిటికీ దగ్గర నిలబడి నాణేన్ని ఎటు తిప్పినా కనబడక, చివరికి కళ్ళు మూసుకుని బొటనవేలితో తడిమి "ఇది పీత" అని తనలో తను గొణుక్కోవడం ఆమె ఎన్నోసార్లు చూసింది. కంటి ఆపరేషనుకు రోజు ఖాయమయ్యాక ఆమెకో ఆలోచన వచ్చింది. కొత్త చూపుతో వచ్చే మనిషికి అవి తళతళలాడుతూ కనబడాలి. రెండు రోజులు ఉప్పూ నిమ్మచెక్కా పెట్టి పదిహేడింటినీ తోమింది. వేళ్ళ చివర్లు పగిలి మండుతున్నా ఆపలేదు.

ఆయన నల్లకళ్ళద్దాలతో ఆసుపత్రి నుంచి రాగానే పళ్ళెంలో పేర్చి ముందు పెట్టింది. ఆయన ఒకటి తీసి బొటనవేలితో రుద్దాడు.

"చిలుము ఏదమ్మాయ్?"

"వదిలించేశాను మావయ్యగారూ! ఎంత మొండిదనుకున్నారు!"

ఆయన నాణేన్ని పళ్ళెంలో పెట్టేసి, లేచి గదిలోకి వెళ్ళిపోయాడు.

"ఎంత పని చేశావే! ఆ చిలుమే వాటి వయసుకు సాక్ష్యం. అది పోతే ఇంక వాటిని ఎవరూ నాణేలనరు" అన్నాడు ఆమె భర్త.

"ముప్పై ఏళ్ళుగా చేతులు దురదపెట్టినా నేను ఆపుకున్న పని, నువ్వు రెండు రోజుల్లో కానిచ్చావు కదే తల్లీ!" అని అత్తగారు బుగ్గలు నొక్కుకుంది.

మర్నాడు పొద్దున్నే కోడలు డబ్బా చంకన పెట్టుకుని నగల మేస్త్రీ దగ్గరకు పరుగెత్తింది. "బాబాయ్, వీటికి మళ్ళీ చిలుము పట్టించగలరా?"

ముసలాయన కళ్ళజోడు నుదుటి మీదికి తోశాడు. "యాభై ఏళ్ళుగా చిలుము వదిలించమని వచ్చినవాళ్ళే గానీ, పట్టించమని వచ్చినదానివి నువ్వొక్కతెవే అమ్మా. అది నా వల్లా కాదు, మా తాత వల్లా కాదు."

ఆమె కళ్ళు తుడుచుకుంటూ మెట్లు దిగడం ఎవరి కంటనో పడింది. ఇక చెప్పేదేముంది!

మామగారు మాట్లాడటం మానేశాడు. పెట్టింది తినేవాడు, గదిలోకి పోయేవాడు. ఆమె పుట్టిల్లు వదిలి వచ్చిన నాటి నుంచి రోజూ "తిన్నావా అమ్మాయ్?" అని అడిగిన గొంతు ఆ ఇంట్లో అదొక్కటే. ఇప్పుడు అదీ లేదు. నాణేలు పాడైన బాధ కంటే, ఆ మాట ఇక వినబడదేమోనన్న భయం ఆమెను తినేసింది. ముద్ద దిగేది కాదు.

ఎనిమిదో రోజున ఇక పట్టలేక గది గుమ్మంలో నిలబడింది.

"మావయ్యగారూ, తిట్టండి, పడతాను. ఇలా మాట్లాడకుండా మాత్రం ఉండకండి. నా మీద అంత కోపమా?"

ఆయన తలెత్తాడు.

"కోపమేంటమ్మాయ్! పది రోజులు కంట్లో నీటిచుక్క పడకూడదన్నాడు డాక్టరు. నీతో మాట్లాడితే కన్నీళ్ళు ఆగేలా లేవు, అందుకే నోరు మూసుకున్నాను. మొదటిరోజు ఏడుపు నాణేల బాధతోనే, అబద్ధమెందుకు. మర్నాటి నుంచి మాత్రం, నాకు కనబడాలని ఒక మనిషి వేళ్ళు పగలగొట్టుకుందే అని. ఇంకా రెండ్రోజులుంది, నన్ను ఏడిపించకు. వెళ్ళి ఆ డబ్బా పట్టుకురా, ఏది ఏ ఊరిదో చెబుతా. తిన్నావా?"