నేలమీద పడవ నడిపిన గోవిందప్ప

లోకంలో పడవలు నడిపినవాళ్ళందరూ నీళ్ళ సాయంతో నడిపినవాళ్ళే. అదేమంత గొప్ప? అడుగున చుక్క తడి తగలకుండా చిక్కబళ్ళాపురం నుంచి గుడిబండె దాకా ఎర్రదుమ్ములో పడవ నడిపిన మొనగాడు భూమండలం మొత్తానికి ఒక్కడే. ఆయన మా తాత గోవిందప్ప.

అది యాభై ఎనిమిదో సంవత్సరం. వానలు దండిగా పడి గుడిబండె చెరువు నిండింది. చెరువు నిండితే రైతులు నారు పోసుకుంటారు. ఊళ్ళో అందరికంటే పెద్ద రైతు వెంకటరామప్ప మాత్రం పడవ కొన్నాడు. అంతకుముందే ఆయన మిలిటరీవాళ్ళ పాత జీపొకటి వేలంలో పాడి తెచ్చాడు. జీపున్నవాడికి పడవ లేకపోతే తాలూకాను ఏలే అమల్దారు ముందు పరువేముంటుందని ఆయన దిగులు. బెంగుళూరులో కొన్న ఆ పడవ, అది కూర్చునే రెండు చక్రాల ట్రెయిలరుతో సహా, లారీలో చిక్కబళ్ళాపురం వచ్చింది. అక్కడినుంచి జీపుకు తగిలించి ఊరికి చేర్చే పని గోవిందప్ప మీద పడింది.

గోవిందప్ప మీసాలు రాకముందునుంచీ ఎద్దులబండి తోలినవాడు. జీపు పట్టింది మొన్న మొన్ననే.

“పడవకు గీత పడకుండా తెచ్చినావంటే డ్రైవరు పని నీదేనప్పా. గీత పడిందా, నీ ఎద్దులుండాయి, నువ్వుండావు” అన్నాడు వెంకటరామప్ప.

గోవిందప్ప గట్టిగా తలూపాడు కానీ, ఎద్దులు లేవు. డ్రైవరు పని ఖాయమనుకుని, ముందే వాటిని చింతామణి సంతలో అమ్మేశాడు. ఆ కోపంతోనే పెళ్ళాం చెన్నమ్మ అలిగి చిక్కబళ్ళాపురంలోని పుట్టింటికి పోయింది. ఎలాగూ వచ్చాడు కదా అని ఆమెనూ బతిమాలి బయలుదేరదీశాడు. పుట్టింటివాళ్ళు ఒక రాగుల మూట ఇచ్చి పంపారు.

పడవ ఖాళీగా రావడమెందుకని వెంకటరామప్ప పశువులకు పెట్టే శనగచెక్క మూటలు కూడా తెమ్మన్నాడు. వాటిని ఎక్కించడంలో గోవిందప్ప తన విద్యంతా చూపించాడు. బండి తోలేవాడికి మొదటి ధర్మం ఎద్దు మెడను కాపాడడం. ముందు బరువెక్కితే కాడి మెడను కోసేస్తుంది. జీపుకు మెడ ఎక్కడుందని ఆయన ఆలోచించలేదు. పాపం, ఎవరి మెడైతేనేం? మూటలన్నీ పడవ వెనక భాగానికి చేర్చి, వాటిమీద చెన్నమ్మను, ఆమె పక్కన రాగుల మూటను పెట్టాడు. తర్వాత ట్రెయిలరు కొక్కెం ఒంటిచేత్తో ఎత్తి, దూదిలా లేచిందని మురిసిపోయాడు.

“చూడే, జీపు మెడ మీద ఈగ వాలినంత బరువు కూడా లేదు!”

“ఎద్దులున్నప్పుడు ఇంత కనికరం యాడ పోయిండ్య?” అంది చెన్నమ్మ.

పేరేసంద్ర దాకా ప్రయాణం పెళ్ళి ఊరేగింపులా సాగింది. దారిలో జనం పనులు మాని, రోడ్డుమీద పోతున్న పడవను, దానిలో మహారాణిలా కూర్చున్న చెన్నమ్మను నోళ్ళు తెరిచి చూశారు. అక్కడ గుడిబండె దారికి మళ్ళాక ఒక దిగుడు వచ్చింది. జీపు వేగం అందుకుంది. వెనక పడవ తోక తొక్కిన పాములా ఇటొక ఊపు, అటొక ఊపు మొదలుపెట్టింది. ఒక్కో ఊపుకు జీపు వెనకభాగాన్ని కూడా ఈడ్చేస్తోంది. ఒకపక్క బండరాళ్ళు, ఒకపక్క లోతు కాలవ. గోవిందప్ప కళ్ళముందు డ్రైవరు పని, చింతామణి సంత, పెళ్ళాం అన్నీ ఒకేసారి తిరిగాయి. భయంతో కాలు బిగుసుకుపోయి యాక్సిలరేటరు మీదినుంచి పైకి లేచింది.

“యో! ఎద్దుల్ని అమ్మింది చాలక నన్ను యమునికి అమ్ముతాండావా?” అని చెన్నమ్మ అరిచింది. మొగుడి చెవిలో ఇంకాస్త గట్టిగా అరవాలని పడవ అంచు పట్టుకుని ముందుకు పాకింది. పుట్టింటి రాగులు ఎక్కడ జారిపోతాయోనని మూటను కూడా ఈడ్చుకుంటూ వచ్చింది. ఆమె, మూట పడవ ముక్కు దగ్గరికి చేరేసరికి ఊపు తగ్గింది. జీపు మెల్లగా దారి పక్కన ఆగింది.

గోవిందప్ప దిగి చుట్టూ తిరిగి చూశాడు. గీత లేదు. మళ్ళీ బయలుదేరితే పడవ గీత గీసినట్టు తిన్నగా వచ్చింది. బరువు ముందుకు జరిగినందుకే ఊపు ఆగిందంటే ఆయనకు నమ్మకం కుదరలేదు.

“రోంత ఎనక్కి పోయి కూచోవే, మళ్ళీ ఊగుతుందేమో చూస్తాము.”

“నన్నేమన్నా తూకంరాయి అనుకుంటివా? నేను కదల్ను. కావలిస్తే నీ మూటలు మోసుకో!”

గోవిందప్ప శనగచెక్క మూటలను ముందుకు మోశాడు.

గుడిబండెలో వెంకటరామప్ప పడవను తడిమి చూసి డ్రైవరు పని ఇచ్చాడు. ఆ వేసవికే చెరువు ఎండి, పడవ ఆయన కోళ్ళకు గూడైంది. మా తాత పని మాత్రం నిలబడింది. అప్పటినుంచి ట్రెయిలరులో ఏం ఎక్కించినా అన్నిటికంటే బరువైన మూటకు ఆయన పెట్టిన పేరు చెన్నమ్మ. “చెన్నమ్మను ముందుకు జరపండప్పా!” అని కూలీలకు కేకేసేవాడు, అవ్వ దగ్గర లేదని చూసుకుని.

ఇదంతా రాసి చదివి వినిపిస్తే తాత బీడీ పక్కన పెట్టాడు.

“భయమంటావేమిరా, భడవా! దిగుడులో బండి ఊగితే పగ్గం బిగబట్టకూడదని మా నాయన తన్ని నేర్పించినాడు. అందుకే బ్రేకు తొక్కకుండా కాలెత్తినా. ఆ పొద్దు తొక్కింటే బండి కాలవలో పడి మీ అవ్వ లేదు, మీ నాయన పుట్టేది లేదు, ఈ రాసే నువ్వు యాడుంటివిరా? ముందు ఆ కాలి సంగతి సరిగా రాయి, పో.”