గుండు కథ

నా భార్య మెదడులో గడ్డ తీయడానికి తిరుపతి ఆసుపత్రిలో ఆమె తల గొరిగిన రోజే, నేనూ కాలినడకన కొండెక్కి, ఒత్తయిన నా జుట్టంతా స్వామికి ఇచ్చేశాను.

చిత్తూరులో మా ఇంటికి పరామర్శకు వచ్చిన ప్రతివారికీ ఇదే చెప్పేవాణ్ణి. ఆపరేషన్ బాగానే జరిగింది కానీ ఆమెకు మాట రాలేదు. రోజూ మాట్లాడిస్తూ ఉంటే మెల్లగా రావచ్చని డాక్టరు అన్నాడు. నలభై ఏళ్లు నా ప్రతి మాటకూ అడ్డు తగిలిన మనిషి, కూతురు సంగటి తినిపిస్తే తిని, గోడవైపు తిరిగి పడుకునేది. కూతురు ఉద్యోగానికి పోయాక ఇంట్లో నా గొంతొక్కటే. అందుకే ఎవరొచ్చినా గుండు కథ ఎత్తుకునేవాణ్ణి. చెప్పినకొద్దీ కొండమెట్లూ పెరిగేవి, జుట్టూ పెరిగేది. నన్నెరిగినవాళ్లు కూడా జాలితో తలూపి వెళ్లిపోయేవాళ్లు. అబద్ధమని ఒక్కరైనా అంటే బాగుండుననిపించేది.

మొన్న పక్కింట్లో కొత్తగా దిగినామె, "పెండ్లాం కోసం అంత జుట్టు ఇచ్చేస్తివా పెద్దాయనా?" అని కళ్లొత్తుకుంది. నాకు సిగ్గేసింది.

"కొండెక్కలేదమ్మా. ఆసుపత్రి ఎదురుగా ఉండే సెలూన్లోనే గీయించుకున్నాను. జుట్టు మాత్రం నిజమే" అన్నాను.

గోడవైపున్న తల ఇటు తిరిగింది. ఒక్కొక్క మాటా వెతుక్కుంటూ నా భార్య పక్కింటామెతో అంది:

"జుట్టు యాడిది ఈయప్పకు? పెండ్లిపీటల మీదే బట్టతల."