కంద పూసినందుకు స్తోత్రం

మా పెరట్లో ఏదో చచ్చిందన్న కబురు మొదట తెచ్చింది పక్కింటి వదిన. జగ్గయ్యపేటలో తొలకరి పడిన వారం అది. కరివేపాకు కోసం వచ్చిన మనిషి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఏంటి వదినా ఈ కంపు? పందికొక్కు చచ్చిందేమో చూడకూడదూ!"

మంచం మీద నుంచి మా మేనత్త నవ్వింది. "నేనింకా పోలేదమ్మా. అప్పుడే వాసనొస్తన్నానేంటి?"

నాకు నవ్వు రాలేదు. అత్తకి షుగరు. మడమలో ముల్లు గుచ్చుకుని పుండైంది. కట్టు తనే కట్టుకునేది, నన్ను ముట్టనిచ్చేది కాదు. చిన్నప్పుడు ఫిట్స్ వస్తాయని నన్ను బడికి పంపలేదు. బైబిలు అక్షరాల మీద నా వేలు పట్టి నడిపించి చదువు చెప్పింది ఆమే.

"అత్తా, ఒక్కసారి కట్టు విప్పు."

"కొంపలో కంపంతా నా కాలి మీదకే నెడతావా? ముందు పెరడు చూడవే!"

చూశాను. బట్టలుతికే బండ పక్కన, అత్త చెవిటికల్లు నుంచి తెచ్చి పాతిన కంద ఆకు లేకుండానే పూసింది. నలిగిన ఊదా రంగు పువ్వు, మధ్యలో ముడతల ముద్ద, దాని నిండా ఈగలు. వంగి వాసన చూస్తే చచ్చిన ఎలుక కంపు. అయినా ఎంత సంతోషమో! లోపలికి పరిగెత్తి, "పువ్వేనత్తా, కంద పువ్వు!" అన్నాను. ఇద్దరం చేతులు పట్టుకుని ప్రభువుకి స్తోత్రం చెప్పుకున్నాం. కట్టు విప్పలేదు.

రెండు రోజులకి పువ్వు వాలిపోయింది. వాసన పోలేదు. దుంప కుళ్ళిందనుకుని తవ్వి పారేశాను. బండ చుట్టూ ఫినాయిలు పోశాను. అలా మరో నాలుగు రోజులు. అప్పుడు విప్పాను కట్టు.

నందిగామలో డాక్టరుగారు పుండు చూసి, "ఈ వాసన ఎన్నాళ్ళ నుంచమ్మా?" అని అడిగారు.

"పువ్వనుకున్నామండి," అన్నాను.

ఆయనకి అర్థం కాలేదు. విజయవాడ పంపారు. అక్కడ కాలు మోకాలి పైదాకా తీసేశారు. అత్త ఇంటికి తిరిగి రాలేదు.

మొన్న సంఘం స్త్రీలతో హైదరాబాదు వెళ్తే, ఒక తోటలో మొక్కలు పెంచే గాజు గది చూపించారు. కుండీలో నక్షత్రం ఆకారంలో ఒక పువ్వు. అదే కంపు. అందరూ ముక్కులు మూసుకుని నవ్వుతూ ఫోటోలు దిగుతున్నారు. "రావమ్మా, ఆ కంపులో ఎలా నిలబడ్డావ్?" అని పిలుస్తున్నా నేను కదల్లేకపోయాను.

కృతజ్ఞత చెప్పడం అత్త నేర్పిందే. నాకు అక్షరం వచ్చినందుకు ఇప్పటికీ దేవుడికి చెబుతాను. ఆ పూట చెప్పిన స్తోత్రాన్ని మాత్రం ఏం చేసుకోవాలో తెలియడం లేదు. వెనక్కి తీసుకోలేను, మళ్ళీ చెప్పలేను.

చదివేవారిని ఒకటి అడుగుతాను. మీ ఇంట్లో ఎవరి కాలికైనా కట్టు ఉంటే, విప్పి చూసేటప్పుడు మా అత్తని ఒక్కసారి తలుచుకోండి.